పడుకునే ముందు రోజును దేవుని యెదుట తిరిగి చూసుకోవడం ఎలా

ఆదివారం ఆరాధన ముగిసి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. రాత్రి ప్రార్థన మానడం లేదు, కానీ నిన్న పలికిన మాటలే ఈ రోజూ పలుకుతున్నాం, పగలు జరిగినదానికీ రాత్రి చెప్పేదానికీ పొంతన లేదు, దీన్ని సరిగ్గా చేయడం ఎలా అని. తాడిపత్రిలో కిరాణా కొట్టు నడుపుకుంటూ, సంఘంలో పెద్దగా ఉంటూ, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

ఈ పద్ధతికి పదిహేను నిమిషాలు చాలు. కృతజ్ఞత చెప్పడం, వెలుగు కోరడం, రోజును తిరిగి చూడడం, ఒప్పుకోవడం, రేపటికి తీర్మానించుకోవడం అనే వరుస యేసుసభను స్థాపించిన కతోలిక గురువు లొయోలా ఇగ్నేషియస్ రాయగా 1548లో అచ్చయిన ఆత్మసాధనల పుస్తకంలోనిది. కతోలికులకు ఇది కొంత తెలిసినదే. సీఎస్ఐ, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలవారు వాడుకోవడానికీ అడ్డేమీ లేదు, ఎందుకంటే ప్రతి మెట్టుకూ లేఖనంలో ఆధారం దొరుకుతుంది.

దీనికి నేను చేర్చిన నియమం ఒక్కటే. ప్రార్థనలో పలికే ప్రతి మాటకూ ఒక పేరు, ఒక వేళ, ఒక చోటు ఉండాలి. "ప్రభువా, ఈ రోజు నా తప్పులన్నీ క్షమించు" అన్న మాటలో ఈ మూడూ లేవు, అందుకే అది రేపటికీ, వచ్చే ఏటికీ మార్పు లేకుండా సరిపోతుంది.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

ముందుగా వేళ. పక్క మీద వాలాక మొదలుపెట్టిన ప్రార్థన "ప్రేమగల తండ్రీ" దగ్గరే నిద్రలోకి జారిపోతుంది. దావీదు పడకల మీదనే ధ్యానించమన్నాడు కదా అని ఒక చెల్లెలు నాలుగవ కీర్తన చూపించింది. నిజమే, కానీ దావీదుకు నిద్ర పట్టని రాత్రులు ఎక్కువ, మనకు నిద్ర ఆగని రాత్రులు ఎక్కువ. కాబట్టి భోజనం ముగిసి, గిన్నెలు కడిగి, పక్కలు పరచకముందు ఉన్న ఆ కాస్త వ్యవధిని పట్టుకోవాలి.

బండల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసేవారూ, ఆర్టీసీలో నైట్ డ్యూటీ ఉన్నవారూ రాత్రినే పట్టుకుని వేలాడవలసిన అవసరం లేదు. వారి పని దినం తెల్లవారి ఆరుకు ముగిస్తే, ఆ ఆరున్నరే వారికి సాయంత్రం.

తరువాత చోటు. రోజూ ఒకే చోటు అయితే మనసు తొందరగా కుదురుతుంది. ఎండాకాలంలో మన ఇళ్ళలో పది దాటినా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి కాబట్టి, అప్పుడు మిద్దె మీదికి వెళ్ళడం మంచిది. కుర్చీ అయినా, చాప అయినా వెన్ను నిటారుగా ఉండేలా కూర్చోవాలి.

మూడవది నోటుపుస్తకం. ఖరీదైన డైరీ వద్దు, అందంగా రాయాలన్న ఆశ పుట్టిస్తుంది. పిల్లల బడి పుస్తకాలలో మిగిలిన ఖాళీ పేజీలు కుట్టుకున్నా సరిపోతుంది. చదవడం రాయడం రానివారు వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ ఇదంతా చేయవచ్చు. మా అవ్వ అలాగే చేస్తుంది, నాకంటే బాగా చేస్తుంది.

మొదలుపెట్టే రోజు సరిచూసుకోవలసినవి:

☐ వేళ నిర్ణయమైంది, ఇంట్లోవారికి చెప్పాను
☐ చోటు నిర్ణయమైంది, అక్కడ కూర్చుంటే టీవీ కనబడదు
☐ నోటుపుస్తకం, పెన్ను, బైబిలు అక్కడే ఉన్నాయి
☐ సెల్‌ఫోన్ వేరే గదిలో ఉంది, సమయం చూడడానికి గోడ గడియారం చాలు
☐ పదిహేను నిమిషాలు దాటకూడదని నాకు నేను చెప్పుకున్నాను

చివరిదాన్ని తేలికగా తీసుకోకండి. మొదటి రాత్రి ఉత్సాహంతో గంటసేపు కూర్చున్నవారు నాలుగవ రాత్రికి కనబడరు.

2. పగలు నాటుకోవలసిన మూడు గుర్తులు

పగలంతా పరధ్యానంగా గడిపి, రాత్రి జ్ఞాపకం రమ్మంటే రాదు. అందువల్ల రోజూ ఎలాగూ చేసే మూడు పనులను ఎంచుకుని, వాటి దగ్గర ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఆగండి. కుళాయి కింద మొదటి బిందె పెట్టినప్పుడు, కొట్టు షట్టరు ఎత్తినప్పుడు, మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నప్పుడు, ఇలా ఏవైనా మూడు. ఆ ఊపిరిలో "ప్రభువా, ఇక్కడ నీవున్నావు" అనుకుంటే చాలు, పెదవి కదపవలసిన పని కూడా లేదు. కొత్త పనులు కల్పించుకుంటే మరచిపోతారు, పాత పనులకే ముడి వేయండి.

3. మొదటి మెట్టు: ఊరకుండడం (1 నిమిషం)

కూర్చోగానే మాట్లాడడం మొదలుపెట్టకండి. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న 46వ కీర్తన మాటను ఒకసారి మెల్లగా చదివి, పది ఊపిరులు లెక్కపెట్టండి. బయట లారీ హారన్లు, పక్కింటి సీరియల్ పాట వినబడుతూనే ఉంటాయి. వాటితో కుస్తీ పట్టకుండా, విన్నాననుకుని వదిలేయాలి.

4. రెండవ మెట్టు: మూడు మేలులు, పేరుతో సహా (3 నిమిషాలు)

తప్పులతో మొదలుపెట్టకూడదు, ఇది కచ్చితంగా పాటించండి. తప్పులతో మొదలుపెట్టినవారు వారం తిరగక ముందే ఆ వేళను తప్పించుకోవడానికి సాకులు వెతుకుతారు. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తన తన ప్రాణానికి తానే చెప్పుకుంటుంది, అంటే మరవడం మనకు సహజమని ఆ కీర్తనకారుడికి తెలుసు.

ఆ రోజు అందుకున్న మూడు మేలులను రాయండి. "కుటుంబాన్ని కాపాడినందుకు వందనాలు" అని రాస్తే అది రేపు కూడా పనికివస్తుంది, కాబట్టి కొట్టివేయండి. "గుత్తి బస్సు కదులుతుంటే కండక్టరు నన్ను చూసి బెల్లు కొట్టి ఆపించాడు" అన్నది ఈ రోజుకే చెందినది. "కోడలు నాకు పళ్ళు లేవని జొన్న రొట్టెను మజ్జిగలో నానబెట్టి ఇచ్చింది" అన్నది కూడా అంతే, ఇది మా అవ్వ చెప్పినది.

ఏమీ తోచని రోజులుంటాయి. వాన పడక విత్తిన వేరుశనగ ఎండిపోతున్నప్పుడు, ఆసుపత్రిలో మనిషి ఉన్నప్పుడు, లేని సంతోషాన్ని నటించవద్దు. ఆ రోజు ఎవరి చేయి మీ భుజం మీద పడింది, ఎవరు ఫోను చేశారు, ఎవరు నీళ్ళు ఇచ్చారు అని మాత్రమే అడగండి. అదీ లేకపోతే 13వ కీర్తన చదివి, ఆ రోజుకు ఈ మెట్టును అక్కడితో ముగించవచ్చు. ఎంతవరకు మరచిపోతావని దేవుణ్ణి నిలదీయడం కూడా ప్రార్థనే.

5. మూడవ మెట్టు: వెలుగు కోరడం (అర నిమిషం)

"దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అన్న 139వ కీర్తన 23వ వచనం ఇక్కడ సరిపోతుంది. ఈ చిన్న మెట్టును దాటవేస్తే తరువాతి మెట్టులో మనకు మనమే వకీలు అవుతాం, లేకపోతే మనకు మనమే పోలీసు అవుతాం. పరిశోధించే పని ఆయనది, చూపించినదాన్ని చూడడం మనది.

6. నాలుగవ మెట్టు: రోజును తిరిగి నడవడం (6 నిమిషాలు)

అసలు పని ఇది. దీన్ని వేళల ప్రకారం చేయవచ్చు, లేదా ఆ రోజు తిరిగిన చోట్ల ప్రకారం చేయవచ్చు. ఇంటిపట్టున ఉండేవారికి వేళలు, తిరుగుడు పని చేసేవారికి చోట్లు అనువుగా ఉంటాయని నా అనుభవం. ప్రతి చోటా నిలబడి రెండే ప్రశ్నలు అడగాలి: ఇక్కడ నా మనసు తెరుచుకుందా, మూసుకుందా? ఇక్కడ నా ఎదుట ఉన్నది ఎవరు, వారిని నేను చూశానా?

మొదటి ప్రశ్నకు ఎమ్మాయు దారిలోని శిష్యులను గుర్తుచేసుకోండి. దారిలో తిరిగి లేచిన యేసు మాట్లాడుతున్నప్పుడు తమ హృదయం మండిన సంగతి వారికి ఆ సమయంలో తెలియలేదు, రొట్టె విరిచిన తరువాత వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడే తెలిసింది (లూకా 24:32).

మాట మాత్రంగా చెబితే అర్థం కాదు గనుక, నా నోటుపుస్తకంలోని ఒక రోజును ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

తెల్లవారి 5:30, కుళాయి దగ్గర. పక్కింటామె బిందె వరుస తప్పించి ముందు పెట్టింది. "నీళ్ళు మీ ఇంటికే వస్తాయా?" అన్నాను. ఆమె మాట్లాడలేదు. మనసు మూసుకుంది.

9:00, కొట్టులో. ఒక పిల్లవాడు అప్పు ఖాతాలో అరలీటరు నూనె అడిగాడు. నలుగురు నిలబడి ఉండగా "మీ నాయనను పాత బాకీ కట్టి మాట్లాడమను" అన్నాను. వాడు ఖాళీ సీసాతో వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

11:00, కొట్టు ముందు. హమాలీ బియ్యం బస్తాలు దించాడు. చిల్లర లేదు, సాయంత్రం రమ్మన్నాను. సాయంత్రం నేను కూటానికి వెళ్ళిపోయాను.

2:00, ఇంట్లో. సంగటి తింటూ ఫోను చూశాను. భార్య మోకాలి నొప్పి గురించి ఏదో చెప్పింది. ఏమి చెప్పిందో ఇప్పుడు గుర్తులేదు.

5:00, కొట్టులో. ఆదోని నుంచి వచ్చిన ఒక ముసలాయన పత్తి ధర గురించి చాలాసేపు మాట్లాడాడు. పని ఆపి విన్నాను. వెళ్ళేటప్పుడు ఆయన ముఖం తేటపడింది, నాదీ తేటపడింది.

ఇందులో ఏ ఒక్కటీ పత్రికలో పడే పాపం కాదు, ఎవరూ సంఘంలో నిలదీయరు. కానీ హమాలీ సంగతి చూడండి. కూలివాని కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది, అతడు పేదవాడు, దాని మీదనే ఆశ పెట్టుకున్నాడు అని కారణం కూడా చెబుతుంది. ఆ సాయంత్రం నేను కూటంలో పాట పాడుతున్నాను. వాని ఇంట్లో ఆ పూట ఏమి వండుకున్నారో నాకు తెలియదు.

పని, డబ్బు, మర్యాద అనే మూడు చోట్ల మనం చాలా తొందరగా దాటిపోతాం గనుక, వాటికి విడిగా ప్రశ్నలు ఇస్తున్నాను. రోజుకు ఒకటి రెండు తీసుకుంటే చాలు.

☐ కాటా సరిగ్గా ఉందా, పాత సరుకును కొత్తదని చెప్పానా? (లేవీయకాండము 19:35–36)
☐ ఎవరి కూలి, ఎవరి బాకీ నా జేబులో రాత్రి గడుపుతోంది?
☐ మంచి చొక్కా వేసుకున్నవానికి కుర్చీ చూపి, మాసిన చొక్కావానిని నిలబెట్టానా? (యాకోబు 2:1–4)
☐ కులం తెలిసిన తరువాత నా గొంతు, నా గ్లాసు, నా పిలుపు మారాయా?
☐ ఇంట్లో నాతో మాట్లాడినవారి ముఖం వైపు చూశానా?
☐ ఎవరు లేనప్పుడు వారి గురించి ఏమి మాట్లాడాను?

నాలుగవ ప్రశ్న దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు, పడాలి కూడా. ఆదివారం ఒకే రొట్టెలో పాలుపంచుకుని, సోమవారం పెళ్ళి సంబంధం మాట దగ్గర సంఘం రెండుగా చీలిపోవడం మన జిల్లాల్లో చూడనివారు లేరు.

7. ఐదవ మెట్టు: ఒప్పుకోలు (2 నిమిషాలు)

తిరిగి చూసినవాటిలో ఎక్కువగా గుచ్చుకున్న ఒక్కదాన్ని తీసుకోండి. పది తప్పులకు కలిపి ఒక వాక్యం చెప్పేకంటే ఒక తప్పుకు ఒక పూర్తి వాక్యం చెప్పడం మేలు. ఆ వాక్యం ఇలా ఉండాలి: ఎవరికి, ఏమి, ఎక్కడ, నా మనసులో ఏమి ఉండి చేశాను.

నా రోజుకు అది ఇలా వచ్చింది. "ప్రభువా, పొద్దున తొమ్మిదికి కొట్టులో ఆ పిల్లవానిని నలుగురి ముందు సిగ్గుపరిచాను. బాకీ అడగవలసింది వాళ్ళ నాయనను. పెద్దవానిని అడిగే ధైర్యం లేక చిన్నవాని మీద చూపించాను." చివరి వాక్యం రాసేవరకు నాకు ఆ సంగతి తెలియదు.

ఇక్కడ ఒక భేదం గుర్తుంచుకోవాలి. దేవుని ఆత్మ చూపించే తప్పు ఒక పనిని వేలు పెట్టి చూపిస్తుంది, దాన్ని సరిదిద్దే దారి కూడా చూపిస్తుంది. "నువ్వు ఎందుకూ పనికిరావు, నీ బతుకు ఇంతే" అని మొత్తం మనిషిని తొక్కేసే స్వరం వేరు. దైవచిత్తానుసారమైన దుఃఖానికీ లోకసంబంధమైన దుఃఖానికీ ఉన్న ఈ తేడానే పౌలు రెండవ కొరింథీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయంలో చెప్పాడు. ఒప్పుకున్నదాన్ని ఆయన క్షమిస్తాడని 1 యోహాను 1:9 చెబుతుంది గనుక, ఒకసారి ఒప్పుకున్నదాన్ని మరుసటి రాత్రి మళ్ళీ తవ్వకండి.

8. ఆరవ మెట్టు: రేపటికి ఒక్క మరమ్మతు (2 నిమిషాలు)

చాలామంది ఒప్పుకోలు దగ్గర ఆపేస్తారు, అందుకే ఏమీ మారదు. నీ మీద సహోదరునికి విరోధం ఉందని బలిపీఠం దగ్గర గుర్తుకు వస్తే, అర్పణాన్ని అక్కడే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమని మత్తయి 5:23–24 చెబుతుంది. సుంకం వసూలు చేసే జక్కయ్య కూడా "మారతాను" అని ఊరుకోలేదు, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానని లెక్కతో చెప్పాడు.

మరమ్మతు రాసేటప్పుడు నాలుగు నియమాలు పాటించండి.

మొదటిది, ఒక్కటే ఉండాలి. రెండవది, అరగంటలో అయ్యే పని అయి ఉండాలి. మూడవది, రేపు ఉదయం పది లోపల చేయాలి, ఎందుకంటే పది దాటితే రోజు మనలను ఈడ్చుకుపోతుంది. నాలుగవది, తప్పు ఎంతమంది ముందు జరిగిందో మరమ్మతు కూడా అంతమంది ముందు జరగాలి. నలుగురిలో పోయిన పరువు నాలుగు గోడల మధ్య తిరిగి రాదు.

ఈ నాలుగవ నియమం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. మరునాడు ఆ పిల్లవాడు వీధిలో కనబడితే ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి, సరిపోయిందనుకున్నాను. వాడు దాన్ని గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మూడవ రోజు ఉదయం, కొట్టులో మనుషులు ఉన్న వేళకే వాడిని పిలిచి, "అబ్బీ, మొన్న నీతో అలా మాట్లాడడం నా తప్పు" అని చెప్పి, నూనె పోసి ఖాతాలో రాశాను. ఉచితంగా ఇవ్వలేదు. ఉచితంగా ఇస్తే అది క్షమాపణ కాదు, దానం అయ్యేది. బాకీ సంగతి ఆ రాత్రి వాళ్ళ నాయనతో విడిగా మాట్లాడాను.

హమాలీ సంగతి ఒప్పుకోలుకు ఎంచుకున్న తప్పు కాదు కాబట్టి వదిలేయాలా అని అడగవచ్చు. డబ్బు బాకీ ఉన్నప్పుడు ఈ "ఒక్కటే" నియమం వర్తించదు, పక్క పరచకముందే వెళ్ళి ఇచ్చి రావాలి.

మరమ్మతుకు వెళ్ళకూడని సందర్భాలు కూడా ఉన్నాయి, జాగ్రత్తగా చదవండి.

మిమ్మల్ని కొట్టేవారి దగ్గరికి, బెదిరించేవారి దగ్గరికి సమాధానం పేరుతో ఒంటరిగా వెళ్ళకండి. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న వచనాన్ని చూపి, దెబ్బలు తిన్న ఆడబిడ్డను అదే రాత్రి అదే ఇంటికి పంపించే పెద్దలు ఉన్నారు. ఆ వచనం ఉద్దేశం అది కాదు. క్షమించడం మనసులో జరిగే పని, ప్రమాదంలోకి తిరిగి వెళ్ళడం వేరే సంగతి. అలాంటి ఇంట్లో ఉన్నవారు మహిళల సహాయ నంబరు 181కి గానీ, అత్యవసరమైతే 112కి గానీ ఫోను చేయాలి.

మీ ఒప్పుకోలు వల్ల మూడవ మనిషి పరువుకు భంగం కలిగే పక్షంలో కూడా తొందరపడవద్దు. ముందు పాస్టరుగారితోనో, గురువుగారితోనో గుట్టుగా మాట్లాడండి.

9. కుటుంబంతో కలిసి చేయాలనుకుంటే

ఒంటరిగా రెండు వారాలు చేసిన తరువాతే ఇంట్లోవారిని కలుపుకోండి. నేను మొదటి వారమే కలిపాను. మూడవ రాత్రికి నేను ప్రశ్నలు అడగడం, అబ్బాయి తల దించుకోవడం మొదలైంది. నాలుగవ రాత్రి వాడు "నాయనా, ఇది ప్రార్థనా, పంచాయితీనా?" అని లేచిపోయాడు. తప్పు వాడిది కాదు.

కుటుంబంలో పాటించవలసిన వరుస ఇది. ఒక్కొక్కరు ఒక మేలు చెప్పాలి, తరువాత తమ గురించి మాత్రమే ఒక తప్పు చెప్పాలి. ఇంకొకరి తప్పు ఎత్తకూడదు, "నేను అరిచాను, కానీ మీ అమ్మే" అన్న వాక్యంలో "కానీ" దగ్గరే ఆపేయాలి. తప్పు చెప్పడం ఇంటి పెద్దతో మొదలు కావాలి. తండ్రి నోట "ఈ రోజు నాది తప్పు" అన్న మాట వినని పిల్లలు ఆ మాటను ఎక్కడ నేర్చుకుంటారు? చెప్పడం ఇష్టం లేనివారు మేలుతో ఆగిపోవచ్చు, బలవంతం వద్దు. మొత్తం పది నిమిషాలు, పరలోక ప్రార్థనతో ముగింపు. అక్కడ విన్నదాన్ని మరునాడు గొడవలో ఎత్తిచూపకూడదు, ఒక్కసారి ఎత్తితే ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ నిజం చెప్పరు.

10. తరచుగా వచ్చే ఇబ్బందులు, సవరణలు

నిద్ర వస్తోంది. నిలబడి చేయండి, లేదా వాకిట్లో నడుస్తూ చేయండి. అయినా ఆగకపోతే ఒక మేలు చెప్పి పడుకోండి. తన ప్రియులకు ఆయన నిద్రనిస్తాడని 127వ కీర్తన చెబుతుంది.

రోజూ అదే తప్పు రాస్తున్నాను. అయితే మీరు తప్పు చేసే వేళను కాకుండా, దానికి అరగంట ముందు ఏమి జరుగుతోందో చూడండి. సాయంత్రం పిల్లల మీద అరిచేవారిలో ఎక్కువమంది మధ్యాహ్నం అన్నం తినకుండా ఉన్నవారే అని నేను గమనించాను. మరమ్మతు అక్కడ చేయాలి, అంటే మధ్యాహ్నం కంచం దగ్గర.

నాలుగు రోజులు మానేశాను. మానేసిన రోజుల లెక్క తీర్చడానికి ప్రయత్నించకండి. ఈ రోజుతో మొదలుపెట్టండి.

బాగా చేస్తున్నానన్న గర్వం వస్తోంది. కూటంలో సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ నోటుపుస్తకం మాట ఎత్తకుండా ఉండడమే దానికి మందు (మత్తయి 6:1).

ఎంత ఒప్పుకున్నా భయం పోవడం లేదు. ఒకే తప్పును పదే పదే లెక్కపెడుతూ, క్షమాపణ దొరికిందో లేదో అని నిద్ర పట్టనివారు నాలుగవ, ఐదవ మెట్టులను నెల రోజులు పూర్తిగా ఆపి, కృతజ్ఞత ఒక్కటే చేయాలి. ఆకలి, నిద్ర తగ్గి, బతకాలన్న ఆశ సన్నగిల్లితే అది విశ్వాసం లోపం కాదు. డాక్టరును కలవాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు.

11. మొదటి పద్నాలుగు రోజులు

1 నుంచి 4వ రోజు వరకు: ఊరకుండడం, మూడు మేలులు మాత్రమే. తప్పుల జోలికి వెళ్ళవద్దు.

5 నుంచి 9వ రోజు వరకు: వెలుగు కోరి, రోజును తిరిగి నడవడం చేర్చండి. మనసు మూసుకున్న చోట్లను గుర్తించండి, తీర్పు చెప్పవద్దు.

10 నుంచి 14వ రోజు వరకు: ఒక ఒప్పుకోలు, ఒక మరమ్మతు చేర్చండి. మరమ్మతు అయిన తరువాత దాని పక్కన గీత పెట్టండి. గీత పడనిది మూడు రోజులు దాటితే, పని పెద్దదై ఉంటుంది, చిన్నది చేసి రాయండి.

తరువాత వారానికి ఒకసారి, శనివారం రాత్రి, ఏడు రోజుల పేజీలు తిరగేయండి. ప్రభు సంస్కారం ఉన్న ఆదివారానికి ముందు రాత్రి అయితే ఇది మరీ అవసరం, ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు చెప్పింది ఆ బల్ల గురించే (1 కొరింథీయులకు 11:28). కతోలికులకు పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, సిద్ధపడడానికి కూడా ఈ పేజీలు పనికివస్తాయి.

ఇక నిండిపోయిన నోటుపుస్తకం. అందులో ఇతరుల పేర్లు ఉంటాయి కాబట్టి అటక మీద పడేయకండి, పాత కాగితాలవానికి వేయకండి. మేలులు రాసిన పేజీలను చించి బైబిలులో దాచుకుని, మిగిలినవాటిని కాల్చివేయండి. మా ఇంట్లో ఆ కాగితాలతో అవ్వ నీళ్ళ పొయ్యి రాజేస్తుంది. ఆమెకు చదవడం రాదు, వచ్చినా చదవదు.